బోణీ టైరు

హనుమాన్ జంక్షన్‌లో ఎవరు కొత్తగా కొట్టు పెట్టినా, తోపుడుబండి పెట్టినా ముందు మా నాన్నకే కబురొచ్చేది. ఆయన చెయ్యి మంచిదని పేరు. పొద్దున్నే నాన్న వచ్చి ఒక టీ తాగి డబ్బులిస్తే ఆ రోజంతా పొయ్యి ఆరదని టీకొట్టాయన నమ్మకం. ఇడ్లీబండి ఆవిడైతే నాన్న వచ్చేదాకా ఎవరికీ ఇడ్లీ పెట్టేది కాదు. “మీ చేత్తో బోణీ చెయ్యండి బాబాయిగారూ” అని పిలిచేది. నాన్న ఆకలి లేకపోయినా తినేవాడు. తిని ఇంటికొచ్చి అమ్మ బాధపడుతుందని చద్దన్నం కూడా తినేవాడు. “ఊళ్ళో బోణీలన్నీ ఈయన పొట్టలోకే” అని అమ్మ దెప్పుతూ వడ్డించేది.

ఆయనది చేపల వ్యాపారం. కొల్లేరు లంకల నుంచి వచ్చిన చేపల్ని జంక్షన్‌లో దింపించుకుని, కొంత లారీలకెత్తించి, మిగతావి సైకిలు మీద గంపలో కట్టుకుని చుట్టుపక్కల ఊళ్ళలో అమ్మేవాడు. బోణీ విషయంలో ఆయనకి ఒక పట్టుదల ఉండేది. మొదటి బేరంలో చేతికొచ్చిన డబ్బు ఛస్తే వెనక్కివ్వడు. చేప మెత్తగా ఉందని ఎవరైనా గొడవపెట్టుకుంటే దానికి బదులు రెండు చేపలు ఇచ్చి పంపేవాడు గాని, తీసుకున్న డబ్బు తిరిగి వాళ్ళ చేతిలో పెట్టేవాడు కాదు. “బోణీ డబ్బు వెనక్కిస్తే ఇక మనం వ్యాపారం చేసినట్టే” అనేవాడు. నాకు తెలిసి ఆ మాట ఆయన తప్పింది ఒక్కసారే. ఆ ఒక్కసారీ మా అన్నయ్య దగ్గర తప్పాడు.

అన్నయ్య నాకంటే రెండేళ్ళు పెద్ద. బెజవాడ ఆటోనగర్‌లో లారీ సామాన్ల కొట్లో పనిచేసేవాడు. జంక్షన్ నుంచి అంత దూరమూ రోజూ సైకిలు మీదే వెళ్ళొచ్చేవాడు. బస్సు చార్జీలు మిగులుతాయని అమ్మకి చెప్పాడు. అది అబద్ధమని అమ్మకీ తెలుసు. వాడికి సైకిలు పందేల పిచ్చి. డెబ్బై నాలుగో, ఐదో, సరిగ్గా గుర్తులేదు, కొట్టు పని మీద మద్రాసు వెళ్ళి పాత సామాన్ల బజారులో ఒక పందెం సైకిలు పట్టుకొచ్చాడు. హ్యాండిలు పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగి ఉంది. మడ్‌గార్డుల్లేవు, స్టాండు లేదు, క్యారియర్ లేదు. టైర్లు మాత్రం సన్నగా, నా బొటనవేలి కంటే కొంచెం లావు.

నాన్న దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు.

“వెనక గంప కట్టడానికి లేదు, ముందు పిల్లోణ్ణి కూకోబెట్టడానికి లేదు. దీన్ని సైకిలంటార్రా?” అన్నాడు. తర్వాత టైరు పట్టుకుని చూసి, “పాపం, ఆ మద్రాసులో దీనికెవరూ అన్నం పెట్టినట్టు లేదే” అన్నాడు.

ఆ రోజు నుంచి దాని పేరు బక్కది. అన్నయ్య కూడా అలాగే పిలిచేవాడు.

ఆదివారాలు బక్కదాన్ని వసారాలో తలకిందులుగా నిలబెట్టి అన్నయ్య దానికి సేవలు చేసేవాడు. నేనప్పుడు జంక్షన్‌లో టైపు నేర్చుకునేదాన్ని. సెలవు రోజు హాయిగా పడుకోనివ్వకుండా నన్ను కూర్చోబెట్టి పాఠం చెప్పేవాడు. వాడి మాటలు వినేవాళ్ళు ఇంట్లో ఇంకెవరూ లేరు మరి. టైరు పక్కనున్న అంకెలు చూపించి చదవమనేవాడు.

“ఇరవయ్యేడు. ఆ తర్వాత ఒకటింబావు.”

“మొదటిది చక్రం ఎత్తే. దాన్ని అందరూ చూస్తారు. రెండోది టైరు లావు. దాన్ని ఎవడూ పట్టించుకోడు. కిటుకంతా దాంట్లోనే ఉంది. నాన్న సైకిలుది ఒకటిన్నర, దీనిది ఒకటింబావు. పావంగుళమే గదా అనుకుంటాం. రిమ్ము ఎంత వెడల్పుంటే దానికి తగ్గ టైరే పడాలి.”

“లావు టైరేస్తే ఇంకా గట్టిగా ఉంటది గదా?”

“మన మావయ్యని అమ్మ కూరలు తరిగే పీట మీద కూకోబెట్టావనుకో. తిన్నగా కూర్చున్నంతసేపూ బానే ఉంటాడు. పక్కనున్న మంచినీళ్ళ చెంబు అందుకుందామని ఒరిగాడా, పీట ఒక పక్కకి, మావయ్య ఒక పక్కకి.”

మా మావయ్య శరీరం తెలిసినవాళ్ళెవరూ ఆ మాటకి నవ్వకుండా ఉండలేరు. నేను నవ్వి నవ్వి పొట్ట పట్టుకున్నాను. అన్నయ్య మాత్రం నవ్వకుండా పాఠం పూర్తి చేశాడు. ఇరుకు రిమ్ము మీద లావు టైరు మలుపులో పక్కకి దొర్లుతుందని, వెడల్పు రిమ్ము మీద మరీ సన్నం టైరేస్తే గోతుల్లో దెబ్బలన్నీ రిమ్మే తింటుందని చెప్పాడు. ఇంకో మాట కూడా అన్నాడు. సరైన టైరు ఎక్కించేటప్పుడు ఏడిపిస్తుందట, వేళ్ళు వాచిపోతాయట. చేత్తో ఇట్టే ఎక్కిందంటే అది ఆ చక్రానిది కాదని అర్థమట. నేను ఆవలించాను. ఆ పాఠం అవసరమవుతుందని అప్పుడెవరు అనుకుంటారు?

జంక్షన్ కుర్రాళ్ళు కొందరు సంఘం పెట్టుకుని ఏటా ఒక పందెం నడిపేవాళ్ళు. జంక్షన్‌లో బయల్దేరి హైవే మీద తిన్నగా వచ్చి, రామవరప్పాడు దగ్గర మలుపు తిరిగి గుణదలలో ఆగాలి. కిందటేడు అన్నయ్య రెండోవాడిగా వచ్చాడు, అదీ నాన్న సైకిలు లాంటి మామూలు సైకిలు మీద. ఈసారి గెలిచినవాణ్ణి హైదరాబాదు పోటీలకి పంపుతామన్నారు. అన్నయ్య సినిమాలు మానేశాడు. రోజూ కోడి కూయకముందే లేచి వెళ్ళిపోయేవాడు.

ఇంకో వారంలో పందెం అనగా బక్కదాని ముందు టైరు పక్క గోడ చిట్లింది. గాలి కొడితే ట్యూబు బుడగలా బయటికొస్తోంది. ఆ సైజు టైరు బెజవాడ కొట్లలో ఎక్కడా లేదు. మద్రాసు వెళ్ళే లారీ డ్రైవరుకి చెప్పి పంపాడు. ఆ లారీ వస్తుందని రోజూ చూడటం, రాలేదని నీరసంగా ఇంటికి రావడం. శుక్రవారం రాత్రి అన్నం దగ్గర “ఇక రాదులే” అన్నాడు. పళ్ళెంలో అన్నం కెలుకుతూ కూర్చున్నాడు.

శనివారం నాన్న గంప కట్టలేదు. చేపలన్నీ లారీకెత్తించేసి బస్సెక్కి బెజవాడ వెళ్ళాడు. మధ్యాహ్నానికి భుజానికి టైరు తగిలించుకుని దిగాడు. లావుపాటి కొత్త టైరు, ఎండలో నల్లగా మెరుస్తోంది. జంక్షన్‌లో బస్సు దిగిన దగ్గర్నుంచి ఇంటిదాకా కనిపించిన ప్రతివాడికీ చూపించుకుంటూ వచ్చాడట. “ఎవడో లేదంటే లేదా? కొట్టుకి పోయి అడిగితే ఎందుకు దొరకదు? ఇంకో నెంబరు ఎక్కువదే ఇచ్చాడు” అని వసారాలో కూర్చుని తనే ఎక్కించాడు. ఫోర్కులోకి పట్టలేదు. బ్రేకు వదులు చేసి, చక్రాన్ని అటూ ఇటూ జరిపి దూర్చాడు. అప్పటికీ ఫోర్కుకీ టైరుకీ మధ్య అగ్గిపుల్ల పట్టేంత సందు మాత్రమే ఉంది.

“చూశావా, టైరెక్కించే పట్టీ లేదు, స్పానరు లేదు, చేత్తోనే పడింది” అని నాకు చూపించాడు. “నా చెయ్యి మంచిదని ఊరికే అంటారా?”

ఆ టైరు మీద ఇరవయ్యెనిమిది, ఒకటిన్నర అని ఉంది. పీట మీద మావయ్య నా కళ్ళముందు కూర్చున్నాడు, కానీ నవ్వు రాలేదు.

సాయంత్రం అన్నయ్య వచ్చాడు. నాన్న గుమ్మంలోనే నిలబడి వాడి మొహంలోకి చూస్తున్నాడు. అన్నయ్య బక్కదాని దగ్గర గొంతుక్కూర్చుని టైరుని బొటనవేలితో నొక్కాడు. చక్రం ఎత్తి తిప్పాడు. టైరు మెల్లగా అటూ ఇటూ ఊగుతూ తిరిగింది. చాలాసేపు అలా చూసి లేచి, “చాలా బావుంది నాన్నా” అన్నాడు.

నాన్న లోపలికెళ్ళాక నేను అన్నయ్య మీద పడ్డాను. “నువ్వే గదా చెప్పావు, పక్కకి దొర్లుద్దని?”

“నోరు ముయ్యవే. రోడ్డంతా తిన్నగానే గదా. మలుపులో మెల్లగా పోతాలే.”

“ఇది వద్దని చెప్పలేవా?”

“ఆయన వ్యాపారం మానుకుని పోయి తెచ్చాడే” అన్నాడు. ఆ ముక్కకి మా ఇంట్లో తిరుగులేదు.

తెల్లారి బయల్దేరేటప్పుడు నాన్న స్నానం చేసి బొట్టు పెట్టుకుని వచ్చాడు. టైరు మీద చెయ్యేసి, “ఊరికే ఇచ్చింది కలిసిరాదు. ఓ పావలా ఇచ్చి బోణీ చెయ్యరా. ఇయ్యాళ నా మొదటి బేరం నీతోనే” అన్నాడు. అన్నయ్య జేబు తడుముకుని పావలా తీసి ఇచ్చాడు. నాన్న దాన్ని కళ్ళకద్దుకుని మొలలో దోపుకున్నాడు. బోణీ అయిపోయాక ఇక బేరం లేదు. అన్నయ్య కావాలన్నా ఆ టైరు వెనక్కిచ్చే దారి మూసుకుపోయింది.

నేనూ నాన్నా మొదటి బస్సుకే గుణదల వెళ్ళి కొండ కింద నిలబడ్డాం. నాన్న చేతిలో బంతిపూల దండ. దండ మీద నీళ్ళు చల్లి తడి ఆరకుండా చూసుకుంటున్నాడు. ఒకడొచ్చాడు. ఇంకొకడొచ్చాడు. నాన్న మునివేళ్ళ మీద లేచి రోడ్డు చివరకి చూస్తూనే ఉన్నాడు. మూడోవాడు సైకిలు దిగకుండానే, “మీవాడు రామవరప్పాడు మలుపులో పడ్డాడండీ. అందరికన్నా ముందున్నాడు” అని చెప్పాడు.

రిక్షా కట్టించుకుని వెళ్ళాం. అన్నయ్య రోడ్డు వారన ఎవరిదో తువ్వాలు తల కింద పెట్టుకుని పడుకుని ఉన్నాడు. మోకాలు చూడలేకపోయాను. బక్కది కాస్త దూరంలో పడి ఉంది. ముందు టైరు రిమ్ముని వదిలేసి కొండచిలువలా రోడ్డు మీద పడుంది. వెనకవాడు మెడ మీదకొస్తుంటే మలుపులో మెల్లగా పోతానన్న మాట వాడికి గుర్తుండి ఉండదు. లేక గుర్తుండీ పోనిచ్చాడో.

నాన్నని చూడగానే అన్నయ్య పళ్ళు బిగబట్టి, “గొయ్యి నాన్నా, చూసుకోలేదు” అన్నాడు. ఆ తర్వాత నా వైపు చూశాడు. అంత నొప్పిలోనూ ఆ చూపు ఏమంటోందో నాకు అర్థమైంది. నాన్న దండ ఇంకా చేతిలోనే పట్టుకుని ఉన్నాడు.

మోకాలి చిప్ప ముక్కలైంది. సిమెంటు కట్టుతో నెలల తరబడి మంచం మీద ఉన్నాడు. కాలు నయమైతే గుణదల కొండెక్కి కొవ్వొత్తులు వెలిగిస్తానని అమ్మ మేరీమాతకి మొక్కుకుంది. కట్టు తీశాక వెలిగించి కూడా వచ్చింది. నడక వచ్చింది, మేరీమాత చల్లని తల్లి. కానీ మోకాలు సగం వరకే వంగేది. పెడలు చుట్టూ తిరిగి రావాలంటే అది చాలదు. ఆటోనగర్‌కి బస్సులో వెళ్ళేవాడు, ఆ కాలు దారిలోకి చాపుకుని, ఎక్కే దిగే ప్రతివాడితోనూ మాటలు పడుతూ.

మంచంలో ఉండగానే నా చేత ఒట్టు వేయించుకున్నాడు. “నాన్నకి తెలియకూడదు. ఊరంతా మంచి చెయ్యంటారు ఆయన్ని. ఆ చేత్తో ఎక్కించిన టైరే నన్ను పడేసిందని తెలిస్తే ఆయనింక బతకడు.” అందుకని మా ఇంట్లో గొయ్యి ఒకటి పుట్టింది. నాన్న రోజూ దాని గురించి అడిగేవాడు. ఎంత లోతుంటదిరా? జానెడుంటది నాన్నా. ఏ పక్క? ఎడం పక్క. అడిగినప్పుడల్లా అన్నయ్య దాన్ని ఇంకాస్త తవ్వేవాడు. నాన్న చేపలు కొనేవాళ్ళందరికీ ఆ గొయ్యి కథ చెప్పి రోడ్లవాళ్ళని తిట్టేవాడు. నేను మొహం తిప్పుకుని చేపలకి ఉప్పు రాస్తూ కూర్చునేదాన్ని. నాకు అన్నయ్య మీద జాలి కంటే కోపమే ఎక్కువగా ఉండేది. చాలా బావుంది నాన్నా అనకపోతే ఏం పోయింది? పెద్దవాళ్ళ మనసు నొప్పించకూడదని కాలు విరగ్గొట్టుకునేవాళ్ళని ఏమనాలి? ఇప్పటికీ ఆ కోపం పోలేదు. వాడు నా అన్నయ్య కాబట్టి కోపం, వాడిలాంటి వాణ్ణి మళ్ళీ చూడలేదు కాబట్టి ఏడుపు.

ఒక రోజు నుంచి నాన్న గొయ్యి సంగతి అడగడం మానేశాడు. ఎందుకు మానేశాడో మేం ఆలోచించలేదు. హమ్మయ్య, మర్చిపోయాడనుకున్నాం. చూరులో దోపిన ఆ లావు టైరు కనిపించకపోయినా ఎవరో ఎత్తుకుపోయారనుకున్నాం. వసారాలో బక్కది ముందు చక్రానికి టైరు లేకుండానే గోడకి ఆనుకుని ఉండేది.

అన్నయ్య మళ్ళీ పనికి వెళ్ళడం మొదలుపెట్టిన రోజుల్లో ఒక ఆదివారం పొద్దున నాన్న ఒక గుండ్రటి పొట్లం తెచ్చి వాడి మంచం మీద పెట్టాడు. కాగితం నేనే విప్పాను. సన్నటి టైరు.

“ఇరవయ్యేడు, ఒకటింబావు” అన్నాడు నాన్న.

అప్పటిదాకా ఆ మాట మా ఇంట్లో అన్నయ్యా నేనూ తప్ప ఎవరూ అనలేదు. నాన్న నోట్లో అది ఎవరో నేర్పిన మాటలా, కష్టపడి గుర్తుపెట్టుకున్న మాటలా ఉంది. అన్నయ్య లేచి కూర్చున్నాడు. నాన్న మొలలోంచి ఒక చిన్న గుడ్డమూట తీసి ముడి విప్పి, అందులో ఉన్న పావలాని టైరు పక్కన పెట్టాడు.

“నీ బోణీ వెనక్కిస్తున్నారా” అన్నాడు.

“అదేంటి నాన్నా? గొయ్యి గదా…” అన్నాడు అన్నయ్య.

“ఆ గొయ్యి చూద్దామని పోయాన్లే. నాలుగుసార్లు తిరిగాను. అక్కడ గొయ్యీ లేదు, గాడిదగుడ్డూ లేదు. రోడ్డు అద్దంలా ఉంది. నాసిరకం టైరిచ్చాడేమోనని ఆ కొట్టోడితో పోట్లాడదామని టైరు పట్టుకుపోయాను. ఏ రిమ్ముకేశావయ్యా అన్నాడు. నాకు ఆ సంగతి తెలవదే. తెలవకపోతే అడగొచ్చు గదా. నిన్ను అడగలేదు.”

అమ్మ వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. అన్నయ్య ఏడ్చాడు. కట్టు కట్టినప్పుడు గాని, ఇక తొక్కలేవని చెప్పినప్పుడు గాని వాడు ఏడవలేదు. నాన్న వాడి వీపు మీద చెయ్యి వేయబోయి, మధ్యలోనే ఆపేసి వెనక్కి తీసుకున్నాడు.

కాసేపటికి అన్నయ్యే, “ఎక్కిద్దాం రా నాన్నా” అన్నాడు. ఇద్దరూ వసారాలో కూర్చున్నారు, అన్నయ్య కాలు చాపుకుని, నాన్న గొంతుక్కూర్చుని. టైరు సగం ఎక్కి, ఇక కదల్లేదు. నాన్న వేళ్ళు ఎర్రబడ్డాయి.

“పట్టట్లేదేంట్రా? ఇది కూడా కాదా?” భయంగా అడిగాడు నాన్న.

“సరైంది ఇలాగే ఏడిపిస్తది నాన్నా. ఇదే. ఇంకొంచెం లాగు.”

చివరి జానెడూ ఇద్దరూ కలిసి నాలుగు బొటనవేళ్ళతో నెట్టారు. టైరు చుట్టూ సమంగా కూర్చుంది. అన్నయ్య గాలి కొట్టి చక్రం తిప్పాడు. ఎక్కడా ఊగకుండా, చప్పుడు లేకుండా, చాలాసేపు తిరిగింది. ఇద్దరూ ఆగేదాకా చూశారు. ఆ సైకిలు మళ్ళీ ఎవరూ తొక్కలేదు. పావలా మంచం మీదే ఉండిపోతే అమ్మ తీసి దేవుడి పటం దగ్గర పెట్టింది.

ఆ తర్వాత కూడా నాన్న చాలా ఏళ్ళు చేపలమ్మాడు. మొదటి బేరం మాత్రం అమ్మ వచ్చి తన చేత్తో చేసి వెళ్ళేది. టీకొట్టు వైపు పొద్దెక్కాక గాని పోయేవాడు కాదు. ఇడ్లీబండి ఆవిడ కొన్నాళ్ళు చూసి, ఇంటికే వచ్చి, “ఏంటి బాబాయిగారూ, మా మీద కోపమొచ్చిందా? పొద్దున్నుంచి ఒక్క బేరం లేదు, ఒకసారి వచ్చి మీ చేత్తో బోణీ చెయ్యండి” అని బతిమాలింది. నాన్న రెండు చేతులూ భుజం మీది తువ్వాల్లో చుట్టేసుకున్నాడు.

“నా చెయ్యి మంచిది కాదమ్మా. మా అబ్బాయిని పంపిస్తా, వాడి చేత్తో చేయించుకో” అన్నాడు.